ఏమీ చెయ్యని బామ్మ

గోదావరి జిల్లాల్లో ఏ వీధిలోకి వెళ్లినా ఈ బామ్మ ఒకావిడ ఉండేది. జనాభా లెక్కలవాళ్లు వచ్చి "ఆవిడ ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే, ఆవిడ వండిన గుత్తివంకాయతో మారు అన్నం కలుపుకుంటూ కొడుకు "మా అమ్మా? ఏమీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అనేవాడు. వాళ్లూ అలాగే రాసుకునేవారు. ఇంటిపనితో సరిపెట్టుకునేవాళ్లను పనిచెయ్యనివాళ్ల పద్దులో వెయ్యడం లెక్కలవాళ్ల ఆనవాయితీ.

ఏమీ చెయ్యని ఈ మనిషి కోడి కన్నా ముందు లేచి కళ్లాపి చల్లేది. మధ్యాహ్నం "కాస్త నడుం వాలుస్తానమ్మా" అని పడుకుని, కళ్లు మూసుకునే "ఒరేయ్, డాబా మీద వడియాల దగ్గరికి కాకి వచ్చింది, చూడు" అనేది. వచ్చే ఉండేది కూడా.

తేదీలతో ఆవిడకి పనిలేదు. పెద్దాడు పుష్కరాల ముందేడు పుట్టాడు. చిన్నదానికి దివిసీమ ఉప్పెన నాటికి పళ్లు రాలేదు. "నీకెన్నేళ్లే బామ్మా?" అంటే "ఊహ తెలిశాక అయిదు పుష్కరాలు మునిగానురా" అనేది. పన్నెండుతో హెచ్చవేసుకోవడం మన పని. చదివింపుల దగ్గర మాత్రం పైసా తప్పేది కాదు. ఎవరి పెళ్లికి ఎవరు నూటపదహార్లు చదివించారో, ఎవరు స్టీలు గిన్నెతో దులిపేసుకున్నారో పుస్తకం చూడకుండా చెప్పేది.

కోడలిని ఏనాడూ తిట్టలేదు. పొరుగావిడతో "మా కోడలు బంగారం! నాకు బీపీ అని పప్పులో ఉప్పు వెయ్యడమే మానేసింది" అని మెచ్చుకునేది, కోడలికి వినబడేంత గొంతుతో.

1957 ఏప్రిల్‌లో సర్కారు పదహారణాల రూపాయిని వంద నయాపైసలు చేసింది. బామ్మ ఒప్పుకోలేదు. చివరిదాకా కూరల బండి దగ్గర బేరం అణాల్లోనే. "బేడ తగ్గించు" అంటే, బేడంటే ఏమిటో తెలియని కుర్రాడు భయపడి కరివేపాకు కొసరు వేసేవాడు. అలా మిగిలిందంతా పోపులపెట్టెలోకి చేరేది. 1978లో వెయ్యి, ఆపై నోట్లు రద్దయితే పోపులపెట్టె చెక్కుచెదరలేదు. అంత పెద్ద నోటు దానికి పరిచయమే లేదు. 2016 నవంబరు 8 రాత్రి మాత్రం గుట్టు రట్టయింది. మినప్పప్పు డబ్బాలోంచి, పట్టుచీర మడతల్లోంచి, వేంకటేశ్వరస్వామి పటం వెనకనుంచి అయిదువందల నోట్లు బయటికొచ్చాయి. ఇల్లంతా నోరెళ్లబెట్టింది. "ఇంత డబ్బెక్కడిదే?" "కూరల్లో మిగిలిందిరా." మూడోనాటినుంచి మనవలు బ్యాంకు ముందు వరసకట్టారు. కొడుకు తన మొదటి స్కూటరుకు అప్పు తీసుకున్నదీ, ఇంకా తీర్చనిదీ ఆ ఖజానాలోంచే.

బామ్మ వెళ్లిపోయాక ఆ 'ఏమీ లేని' పనికి వంటమనిషినీ, పనిమనిషినీ పెట్టుకున్నారు. అయినా పాలవాడి లెక్క తేలలేదు, అట్లతద్ది ఎప్పుడో ఎవరికీ తెలియలేదు.

2019లో కేంద్ర ప్రభుత్వం జనం పొద్దంతా ఏం చేస్తారో సర్వే చేసింది. ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించేవారట. బామ్మకి ఇది చదివి వినిపిస్తే మొదటి అంకెకు చలించేది కాదు. రెండోదానికి మాత్రం బుగ్గలు నొక్కుకునేది: "మగాళ్లు అంతసేపు వంటింట్లోనా! పాపం, ఏం వెతుకుతున్నారే? అగ్గిపెట్టె గూట్లోనే ఉందని చెప్పకపోయారూ!"