ఆరోగ్య మంత్రిగారూ, ప్రశ్నోత్తరాల్లో ఓడిపోండి

మంత్రిగారూ, లోక్‌సభలో శుక్రవారం, రాజ్యసభలో మంగళవారం మీ శాఖ వంతు. ఆ రోజులకు ముందే మీ చేతికి ఒక లావుపాటి ఫైలు వస్తుంది. ఏ ప్రశ్నకు ఎంతవరకు చెప్పాలో, ఏ మాట జారితే హామీ కింద లెక్కకడతారో, అడిగినవారు ఎటు తిప్పి మళ్లీ అడుగుతారో, అన్నీ అందులో సర్ది ఉంటాయి. గంట గడిచేసరికి మీరు ఎక్కడా చిక్కకుండా బయటపడాలన్నదే దాన్ని తయారుచేసినవాళ్ల తపన. నేను చెప్పబోయేవి దానికి పూర్తిగా ఎదురు. చిక్కండి. సభలో ఓడిపోండి. మీ ప్రైవేటు కార్యదర్శి వీటిని తలతిక్క సలహాలంటారు. అయినా ప్రతి మాటా మనస్ఫూర్తిగా చెబుతున్నాను, పాటించమని వేడుకుంటున్నాను.

543 నియోజకవర్గాల నుంచి, పైసా జీతం అడగకుండా మీ శాఖను తనిఖీ చేసేవాళ్లు మీకున్నారు. ఎంపీ అడిగే ప్రశ్న వెనక తరచూ తాళం పడిన స్కానింగ్ గది ఒకటి ఉంటుంది, లేదా మత్తు డాక్టరు లేక ఆగిపోయిన కాన్పుల వార్డు ఉంటుంది. ఆ ప్రశ్నను గెలిచి వచ్చిన మంత్రికి ఆ గది సంగతి ఎప్పటికీ తెలియదు.

ముందు జవాబు రాసే పద్ధతిని చెడగొట్టండి. సభ్యులు ప్రశ్నను ఎ, బి, సి, డి, ఇ అని భాగాలు చేసి అడుగుతారు. శాఖ జవాబు చాలాసార్లు ‘ఎ నుంచి ఇ వరకు’ అని మొదలై ఒకే వ్యాసంగా సాగిపోతుంది. పథకం ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైంది, మార్గదర్శకాలేమిటి, అన్నీ ఉంటాయి. మా జిల్లా ఆసుపత్రిలో ఎన్ని పోస్టులు ఖాళీ అన్న ‘సి’ భాగం అందులో ఎక్కడో కరిగిపోతుంది. ఆకలితో వచ్చిన చుట్టానికి వంశ చరిత్ర చెప్పి, విస్తరి వేయకుండా పంపేసినట్టుంటుంది అది. అలాంటి ముసాయిదా వస్తే వెనక్కి పంపండి. ఐదు భాగాలకు ఐదు జవాబులు, విడివిడిగా ఉండాలి. దేనికైనా జవాబు లేకపోతే దాని ఎదురుగా ‘ఈ లెక్క మా దగ్గర లేదు’ అని రాయించండి. మర్నాడు పత్రికలు మిమ్మల్ని ఉతికేస్తాయి. ఉతకనివ్వండి. ఆ ఖాళీ అందరి కంటా పడ్డాక దాన్ని నింపే పని మీ శాఖ ఇక వాయిదా వేయలేదు.

రెండో సలహా మీ అధికారులకు అసలు మింగుడుపడదు. ‘ఆరోగ్యం రాష్ట్రాల అంశం’ అన్న వాక్యంతో ఏ జవాబునూ మొదలుపెట్టకండి. ఆ వాక్యం అబద్ధమని నేననడం లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో, రాష్ట్రాల జాబితా ఆరో అంశంగా ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆసుపత్రులు స్పష్టంగా ఉన్నాయి. కానీ జాతీయ ఆరోగ్య విధానాన్ని 1983లో, 2002లో, 2017లో రాసింది కేంద్రమే. జాతీయ ఆరోగ్య మిషన్ ఖర్చులో చాలా రాష్ట్రాలకు నూటికి 60 వంతులు ఇస్తున్నదీ కేంద్రమే. వైద్యవిద్య ఉమ్మడి జాబితాలో ఉంది. విధానం రాసి, డబ్బు పంపేవారికి లెక్క అడిగే చనువు ఉంటుంది, ఉండాలి.

ఆ వాక్యం ఏం చేయగలదో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయింది. అధికారులు చెప్పిన లెక్క ప్రకారమే 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారు. జూలై 20న రాజ్యసభలో ఆక్సిజన్ కొరత మరణాల గురించి ప్రశ్న వచ్చింది. ఆరోగ్యం రాష్ట్రాల అంశమని, ఆక్సిజన్ కొరత వల్లనే అని ప్రత్యేకంగా ఏ మరణాన్నీ రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు తమకు తెలియజేయలేదని సహాయ మంత్రి భారతీ ప్రవీణ్ పవార్ లిఖితపూర్వకంగా జవాబిచ్చారు. నిబంధనల పుస్తకం ముందేసుకుని చూస్తే అందులో వంక పెట్టడానికేమీ కనబడదు. రుయా గేటు ముందు ఏడ్చిన కుటుంబాలకు మాత్రం తమవాళ్లు దేశం లెక్కలోకే రాలేదని అర్థమైంది.

దేశమంతా గగ్గోలు రేగాక కేంద్రం రాష్ట్రాలను విడిగా అడిగింది. ఆగస్టులో అదే రాజ్యసభకు ఇంకో జవాబు వచ్చింది. వెంటిలేటర్ మీదున్న కొందరు రోగులు చనిపోయారని, 10 కిలోలీటర్ల ట్యాంకు నుంచి ప్రత్యామ్నాయ సిలిండర్ల వ్యవస్థకు మారుతున్నప్పుడు పైపుల్లో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గిందని ప్రాథమిక విచారణలో తేలినట్టు ఆంధ్రప్రదేశ్ తెలిపింది. ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చదవండి, మంత్రిగారూ. మొదటిది ప్రభుత్వాన్ని కాపాడింది, ఎవరికీ ఏమీ నేర్పలేదు. రెండోది ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టింది. ప్రమాదం ట్యాంకు అయిపోవడంలోనే కాక, ఒక వ్యవస్థ నుంచి ఇంకో వ్యవస్థకు మారే ఆ కొద్ది నిమిషాల్లోనూ ఉందని ప్రతి ఆసుపత్రి ఇంజినీరుకూ చెప్పింది. ఒత్తిడి తగ్గగానే మోగే అలారం ఉందా, రాత్రి డ్యూటీలో వాల్వు తిప్పడం తెలిసినవారున్నారా అని చూసుకోవడానికి ఆధారం ఇచ్చింది. ఓడిన జవాబుతో మాత్రమే ఒక ఊపిరైనా నిలిచే వీలుంది. అందుకే చెబుతున్నాను, ‘రాష్ట్రాలు తెలపలేదు’ అని రాయాల్సి వస్తే, వాళ్లను ఏ తేదీన అడిగారో, ఎవరు జవాబిచ్చారో, ఎవరు ఇవ్వలేదో పేర్లతో సహా పట్టిక పెట్టండి. ఆ పట్టికలో మీ పార్టీ ప్రభుత్వాలున్నా పెట్టండి.

దానికి ఏడాది ముందు, 2020 సెప్టెంబరులో, కోవిడ్‌తో చనిపోయిన వైద్య సిబ్బంది లెక్క కేంద్రస్థాయిలో లేదని పార్లమెంటుకు జవాబు వచ్చింది. అప్పుడు ఇండియన్ మెడికల్ అసోసియేషన్ తానే 382 మంది డాక్టర్ల జాబితా బయటపెట్టింది. పోయినవాళ్ల పేర్లు రాసిపెట్టుకోవడం వాళ్లను పనికి పంపిన ప్రభుత్వం విధి. ఇందులో రాష్ట్రం, కేంద్రం అన్న తేడా నాకు ఏ కోశానా కనిపించదు.

ఇక అంకెలు. మీ దగ్గరున్న అన్ని అంకెల్లోకీ చూడటానికి బాగోలేనిదాన్ని ముందు చదవండి. దేశంలో 834 మందికి ఒక డాక్టరు ఉన్నారని, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 1,000 మందికి ఒకరి కంటే ఇది మెరుగని సభల్లో ఎన్నోసార్లు జవాబు వచ్చింది. 2022 జూన్ నాటికి నమోదైన 13,08,009 మంది అల్లోపతి డాక్టర్లలో నూటికి 80 మంది అందుబాటులో ఉన్నారనుకుని, వారికి 5.65 లక్షల మంది ఆయుష్ వైద్యులను కలిపితే వచ్చిన అంకె అది. ఆయుష్ వైద్యులంటే నాకు గౌరవమే. కానీ సిజేరియన్ ఎవరు చేస్తారని అడిగేవారికి ఈ అంకె జవాబు కాదు. అల్లోపతి వారిని మాత్రమే తీసుకుంటే దాదాపు 1,300 మందికి ఒకరు తేలతారు. అంతకంటే చేదు అంకె మీ శాఖ ప్రచురణలోనే ఉంది. 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉండాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం కొరత. డాక్టర్ల మీద ప్రశ్న వస్తే అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆ తర్వాత 834 చెప్పినా, అది ఎలా వచ్చిందో కూడా చెప్పండి.

డబ్బు విషయంలో ఇంకా మొండిగా ఉండమంటాను. 2002 విధానం ప్రభుత్వ ఆరోగ్య వ్యయాన్ని 2010కల్లా జీడీపీలో 2 శాతానికి చేరుస్తామంది. 2017 విధానం 2025కల్లా 2.5 శాతమంది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల్లో, అదీ కోవిడ్ ఖర్చు కలిసిన ఏడాదిలో, వచ్చింది 1.84 శాతం. మీకు రాసిచ్చే కాగితంలో మాత్రం జనం సొంత జేబు ఖర్చు 2013-14లో 64.2 శాతం నుంచి 39.4 శాతానికి తగ్గిందని మొదటి వరుసలో ఉంటుంది. ఆ తగ్గుదల చిన్నది కాదు, చెప్పండి. చెప్పి, ‘అయినా వందలో 39 రూపాయలు ఇంకా రోగి ఇంటి నుంచే వస్తున్నాయి. 2.5 శాతం చేరతామన్నాం, చేరలేదు. రాష్ట్రాల వాటా ఇంత తక్కువ పడింది, మా వాటా ఇంత తక్కువ పడింది’ అని నిలబడి చెప్పండి. ఆర్థిక మంత్రి ముఖం చిట్లిస్తారు. వచ్చే బడ్జెట్ చర్చల్లో మీ చేతికి అంతకు మించిన ఆయుధం దొరకదు.

నోటితో జవాబు చెప్పాల్సిన గంటలో ఎలా ఉండాలో కూడా చెబుతాను. లోక్‌సభలో రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20 ఉంటాయి. గంటలో నాలుగైదు దాటితే గొప్ప. మీ పార్టీ సభ్యులు లేచి పథకాన్ని పొగిడి, ఇంకా ఎంతమందికి మేలు జరిగిందో చెప్పమంటే, ధన్యవాదాలు చెప్పి ఒక్క వాక్యంలో కూర్చోండి. అలా మిగిలిన నిమిషాలు వెనక వరుసలో కాగితం పట్టుకుని ఎదురుచూస్తున్నవారికి దక్కుతాయి. అడిగినవారికి రెండు అనుబంధ ప్రశ్నల హక్కుంది. మీరు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న అయితే, ఇంకొకటి అడగనివ్వమని స్పీకరును మీరే కోరండి. అధికారుల గ్యాలరీ నుంచి చీటీ వస్తే అందుకోండి, ‘నాకు తెలియదు, ఇప్పుడే అందింది’ అని సభకు చెప్పి చదవండి.

హామీలు ఇవ్వండి. శాఖలో అందరూ భయపడేది దీనికే. ‘పరిశీలిస్తాం’ అన్నా, ‘సమాచారం సేకరించి సభ ముందుంచుతాం’ అన్నా హామీగా నమోదవుతుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదంటే గడువు అడుక్కోవాలి. 1953 నుంచీ లోక్‌సభలో దీనికోసమే ఒక కమిటీ ఉంది. అందుకే ముసాయిదాలు ఆ మాటల చుట్టూ దూరంగా తిరుగుతాయి. మీరు అడ్డంగా దొరకండి. సమావేశం ముగిసేసరికి మీ పేరు మీద ఎక్కువ హామీలు పెండింగులో ఉన్నాయంటే, ఆ కమిటీ మీ శాఖ కార్యదర్శిని పిలిచి అడుగుతుంది. మీరు చెబితే కదలని ఫైలు కొన్నిసార్లు అలా కదులుతుంది.

చివరిగా, నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు. లోక్‌సభలో అన్ని శాఖలకూ కలిపి రోజుకు 230 దాకా వస్తాయి. జవాబు కాగితం మీదే ఉంటుంది, ఎవరూ లేచి అడగరు, కెమెరా ఉండదు. వాటిని కింది అధికారులకు వదిలేయమంటారు. నేను మాత్రం, నక్షత్ర గుర్తున్నవాటిని వదిలేసైనా వీటిని మీరే చదవమంటాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి ప్రశ్న వచ్చిందనుకోండి. మూడు దశాబ్దాలుగా అక్కడ కొబ్బరి, జీడితోటల మధ్య కిడ్నీలు పాడైపోతున్నాయి. ఎన్నో అధ్యయనాలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం వచ్చాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మొదటి మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. వైద్యానికి డబ్బు దారి అప్పటి నుంచే తెరుచుకుంది, జబ్బు ఎందుకొస్తోందో చెప్పే దారి తెరుచుకోలేదు. జబ్బు కారణం గురించి అడిగినవారికి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద ఎన్ని యంత్రాలు పెట్టారో లెక్క పంపకండి. ఏ సంస్థ ఏ ఏడాది నీటిని, మట్టిని, రక్తాన్ని పరీక్షించింది, ఏం తోసిపుచ్చింది, ఏది ఇంకా అనుమానంగా మిగిలింది, తర్వాతి అధ్యయనానికి ఎంత డబ్బిస్తున్నారు, అంతా రాయండి. డబ్బివ్వకపోతే ఇవ్వడం లేదని రాయండి.

ఆ జవాబును తెలుగులో అచ్చువేయించి కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఆరోగ్య కేంద్రాల గోడల మీద అంటించమనండి. డయాలసిస్‌కు వచ్చి నాలుగు గంటలు కూర్చునేవాళ్లు చదువుతారు. ఇందులో తప్పుంటే చెప్పమని కింద రాయించండి. వాళ్లు చూపిన తప్పుల్ని, తర్వాతి సమావేశంలో ఏ సభ్యులూ అడగకముందే, మీరే లేచి సభ రికార్డులో దిద్దండి.