ఈనిన మర్నాడు: ఓ ముర్రా గేదె ఆత్మకథ

నేను ముర్రా గేదెను. చుట్టలు తిరిగిన ఈ కొమ్ములు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. తెనాలి పక్కన ఓ పల్లెలో నా పాక. వరిగడ్డి, తవుడు, కుడితి నా తిండి. గట్ల మీది పచ్చిగడ్డి దొరికిన రోజు పండగే. మొదటి రెండు ఈతలూ ఇబ్బంది లేకుండా గడిచాయి. పాలకేంద్రంలో నా పాల వెన్న శాతం చూసి మా ఇంటామె మురిసిపోయేది.

చిక్కంతా మూడో ఈతలో వచ్చింది. దూడ పుట్టగానే ఇరుగుపొరుగుకు జున్నుపాలు పంచాలని చివరి చుక్కదాకా పిండేశారు. మర్నాడు లేవబోతే వెనక కాళ్లు తడబడ్డాయి. మధ్యాహ్నానికి కూలబడ్డాను. మెడ వంకర తిరిగి తల డొక్కకు ఆనింది. చెవులు చల్లబడ్డాయి, ముట్టె ఎండిపోయింది. దూడ అరుస్తున్నా తల తిప్పలేకపోయాను.

పెద్దావిడ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. అంతటితో ఆగితే బాగుండేది. వాము కషాయం కాచి, వెదురు గొట్టంతో నా గొంతులో పోయబోయింది. కోడలు చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దత్తయ్యా, పశువుల డాక్టరుగారు ఫోన్లో ఏమీ పోయొద్దన్నారు."

నన్ను బతికించింది ఆ పిల్లే. కూలబడ్డ గేదెకు మింగే బలం ఉండదు. పోసింది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

డాక్టరుగారు వచ్చి, నా చెవి పట్టుకు చూసి పాలజ్వరం అన్నారు. కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసాను గోరువెచ్చటి నీళ్లలో ఉంచి, మెడ నరంలోకి నింపాదిగా ఎక్కించారు. మధ్యమధ్య స్టెతస్కోపుతో గుండె వింటున్నారు. తొందరపడితే గుండె ఆగిపోతుందట. సీసా సగమయ్యేసరికి కండలు వణికాయి, త్రేన్పు వచ్చింది, పేడ వేశాను. ఇంకాసేపటికి లేచి నిలబడ్డాను. దిష్టి తీసినందుకే లేచానని పెద్దావిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది. చెప్పుకోనీ!

"చూడితో ఉన్నప్పుడు డబ్బాలకు డబ్బాలు కాల్షియం పట్టించాం కదా బాబూ, ఎటు పోయింది?" అని ఆమె నిలదీసింది.

"అదేనమ్మా తప్పు. ఎముకల్లో కిలోలకొద్దీ కాల్షియం ఉంది. ఈనే ముందు బయటనుంచి ఎక్కువ పోస్తే, ఎముకల్లోంచి తీసుకునే పని ఒళ్లు మానేస్తుంది. నెత్తురులో తిరిగేది కొద్ది గ్రాములే. లీటరు జున్నుపాలతోనే రెండు గ్రాములదాకా పోతుంది. మీరేమో పొదుగంతా ఖాళీ చేశారు."

నా మేతలోనూ లోపముంది. వరిగడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి అందనివ్వవు. తవుడులో భాస్వరం దండిగా, కాల్షియం తక్కువగా ఉంటాయి. ఇప్పుడు గడ్డిలో పిల్లిపెసర కలుపుతున్నారు. పాలిచ్చినన్నాళ్లూ దాణాలో రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం పడుతోంది. రుచి ఏమంత గొప్పగా లేదు, కానీ తింటున్నాను.

నాలుగో ఈతకు చివరి మూడు వారాలూ కాల్షియం డబ్బా ముట్టలేదు. డాక్టరుగారు చెప్పిన రోజున విటమిన్ డి3 సూది వేయించారు. ఈనాక, నేను నిలబడి బాగా మింగగలుగుతున్నప్పుడే కాల్షియం మందు పట్టించారు. మొదటి మూడు రోజులూ పొదుగులో కొన్ని పాలు వదిలేసే పితికారు. ఈసారి కూలబడలేదు.

మూడో ఈతకు వచ్చిన, పాలెక్కువిచ్చే గేదె మీ పాకలో ఉంటే ఈనాక మూడు రోజులు ఓ కంట కనిపెట్టి ఉండండి. కూలబడితే గొంతులో ఏమీ పోయకండి, వెంటనే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.