కరువుసీమలో వైపీ

ఈ కథ చెబుతున్నది ఒక ఆవిరి ఇంజను. షెడ్డులో ఉన్నన్నాళ్ళూ డ్రైవర్లూ ఫైర్‌మన్లూ ఫిట్టర్లూ దీన్ని వైపీ అనే పిలిచారు. అందుకేనేమో, తన సంగతి చెప్పుకోవాల్సి వచ్చినా ‘నేను’ అనడం దీనికి అలవాటు కాలేదు. మీటరు గేజీ మీద పాసింజరు బండ్లు లాగడానికి పుట్టిన జాతి ఇది. దేశంలో తిరిగిన 871 వైపీల్లో ఒకటి. నెంబరు మాత్రం చెప్పదు. గుంతకల్లు లైన్ల మీద బొగ్గు తిని బతికిన అన్నదమ్ములందరి తరఫునా మాట్లాడుతోంది కాబట్టి ఒక్క నెంబరు సరిపోదు.

మొదటి 20 వైపీలను 1949లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ చేసి పంపింది. ఆ తర్వాత గ్లాస్గోలో నార్త్ బ్రిటిష్ వాళ్ళు 100, జర్మనీలో క్రాస్ మఫై వాళ్ళు 200 చేశారు. మిగిలిన 551 జంషెడ్‌పూర్‌లోని టెల్కో కార్ఖానాలో పుట్టాయి. తర్వాత టాటా మోటార్స్‌గా పేరు మారింది ఆ కంపెనీకే. ఈ వైపీదీ ఆ కార్ఖానాయే. ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో నాలుగున్నర అడుగుల ఎత్తున్న ఆరు పెద్ద చక్రాలు, వెనక రెండు. బాయిలరులో ఆవిరి ఒత్తిడి చదరపు అంగుళానికి 210 పౌండ్ల దాకా పోయేది.

ఇంజను కంటే పట్టాలు చాలా పాతవి. మద్రాసు రైల్వే వారి బ్రాడ్ గేజి లైను గుత్తి మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. ఐదేళ్ళకే ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా రాయలసీమను అది ఎట్లా ఊడ్చుకుపోయిందో ఊళ్ళలో పెద్దలు తరాల పాటు చెప్పుకున్నారు. రైలు దగ్గరి ఊళ్ళకు ధాన్యం మూటలు చేరాయి. లోపలి ఊళ్ళకు చేరాలంటే ఎద్దుబండ్లు కావాలి, ఎద్దులేమో మేత లేక అప్పటికే పడిపోయాయి. 1880 నాటి ఫామిన్ కమిషన్ కరువు ప్రాంతాలకు రైలు మార్గాలు వేయాలని గట్టిగా చెప్పింది. ఆ ఆలోచనతోనే 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడింది. బళ్ళారి జిల్లా నుంచి విడదీసి అనంతపురం జిల్లాను ఏర్పరచిందీ ఆ ఏడాదే. తక్కువ ఖర్చులో ఎక్కువ దూరం వేయొచ్చని మీటరు గేజీ ఎంచుకున్నారు. గుంతకల్లు నుంచి హుబ్బళ్ళి వైపు, నంద్యాల మీదుగా గుంటూరు వైపు, అనంతపురం, ధర్మవరం, హిందూపురాల మీదుగా బెంగళూరు వైపు సన్న పట్టాలు పరుచుకున్నాయి. ధర్మవరం నుంచి కదిరి మీదుగా పాకాలకు ఇంకో లైను పడింది. వైపీ తిరిగిన దారులన్నీ కరువు వేయించిన దారులే. ఇప్పుడు దిమ్మె మీద నిలబడ్డ తనను చూడటానికి వచ్చేవాళ్ళకు ఈ ముక్క ఎవరూ చెప్పడం లేదనేదే దీని మొదటి బాధ.

రెండోది నీళ్ళ సంగతి.

ఆవిరి ఇంజను బొగ్గుతో నడుస్తుందని అందరూ అంటారు. నిజానికి అది నీళ్ళతో నడుస్తుంది, బొగ్గు ఆ నీళ్ళను కాచేందుకు. వైపీ టెండరులో 13,600 లీటర్ల నీళ్ళు పట్టేవి, తొమ్మిదిన్నర టన్నుల పైచిలుకు బొగ్గు పట్టేది. సిలిండర్లలో పని చేసిన ఆవిరి మళ్ళీ బాయిలరుకు తిరిగి రాదు. పొగగొట్టం అడుగున సన్నని మూతిలోంచి పైకి చిమ్ముతుంది. ఆ విసురుకే నిప్పుగూటిలోకి గాలి లాక్కుని వచ్చి మంట రాజుకుంటుంది. చుక్‌చుక్‌మని పిల్లలు అనుకరించే శబ్దం పుట్టేది అక్కడే. అంటే ఇంజను వేసే ప్రతి అడుగుకూ కొన్ని నీళ్ళు ఆకాశానికి పోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే నేల మీద ఇన్ని నీళ్ళు తాగే యంత్రాన్ని నడిపారు. స్టేషన్ల దగ్గర బావి తవ్వి, ఇనుప తొట్టి కట్టి, ఏనుగు తొండంలాంటి వాటర్ కాలమ్ నిలబెట్టారు. బండి ఆగగానే ఫైర్‌మన్ టెండరెక్కి ఆ తొండాన్ని లాక్కునేవాడు. చెరువులెండిన ఏడాది ఊరి జనం దాని కింద కారే నీళ్ళకు బిందెలు పట్టుకోవడం ఈ వైపీ చూసింది.

ఆ నీళ్ళు మంచివీ కావు. అనంతపురం భూగర్భ జలం ఉప్పదనానికీ ఫ్లోరైడుకూ పేరుపడింది. అట్లాంటి గట్టి నీళ్ళు కాగితే బాయిలరు గోడలకూ గొట్టాలకూ సున్నపు పెచ్చు కడుతుంది. పెచ్చు పట్టిన ఇనుము వేడిని నీళ్ళకు సరిగా అందించలేదు, బొగ్గు వృథా, లోహానికి ముప్పు. అందుకే బాయిలరును క్రమం తప్పకుండా చల్లార్చి, అడుగున ప్లగ్గులు విప్పి, ఒత్తిడి నీళ్ళతో కడిగేవారు. వాషవుట్ అనేవారు దాన్ని. నీళ్ళలో సోడా కలిపేవారు. గేజి గ్లాసులో నీటిమట్టం మీద నుంచి డ్రైవరు చూపు తిప్పేవాడు కాదు. మట్టం దిగి నిప్పుగూటి పైకప్పు బయటపడితే అక్కడున్న సీసపు ప్లగ్గు కరిగి, ఆవిరి నిప్పు మీదికి దూకుతుంది. అది ఇంజను కేకేసి చెప్పే ఆఖరి హెచ్చరిక.

ఇదే కష్టం దక్షిణాఫ్రికాలోని కరూ ఎడారిమైదానంలోనూ ఉండేది. అక్కడివాళ్ళు 1950లలో 25వ తరగతి పేరుతో 90 ఇంజన్లు చేయించుకున్నారు. వాటిలో దాదాపు అన్నిటినీ చేసింది వైపీలు చేసిన గ్లాస్గో కంపెనీయే. పని చేసిన ఆవిరిని పెద్ద టెండరులో చల్లబరచి మళ్ళీ నీళ్ళుగా వాడుకునే ఏర్పాటు వాటిలో ఉండేది. నీటి ఖర్చు బాగా తగ్గింది గానీ మరమ్మతు పెరిగింది. తర్వాత చాలావాటిని మామూలు ఇంజన్లుగా మార్చేశారు. మన మీటరు గేజీకి ఆ తరహా ఇంజను రాలేదు. వచ్చింది డీజిల్. నిప్పు రాజేయడానికి గంటలక్కర్లేదు, మధ్యలో నీళ్ళకు ఆగక్కర్లేదు. నీళ్ళు లేని సీమకు డీజిల్ రావడం మేలే అని వైపీ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటుంది.

తర్వాత పట్టాలే మారాయి. బెంగళూరు లైను 1980ల మొదట్లో బ్రాడ్ గేజి అయింది. గుంటూరు, హుబ్బళ్ళి వైపు లైన్లు 1990లలో, మీటరు గేజీ లైన్లను బ్రాడ్ గేజిగా మార్చేందుకు 1992లో మొదలైన యూనిగేజ్ పథకం ఊపులో మారాయి. పాకాల లైను అన్నిటికన్నా ఆలస్యంగా మారింది. దేశంలో బ్రాడ్ గేజి మీద రోజువారీ ఆవిరి బండి చివరిసారి 1995 డిసెంబరు 6న జలంధర్, ఫిరోజ్‌పూర్ మధ్య నడిచింది. పని పోయిన ఇంజను అంటే రైల్వే లెక్కల్లో టన్నుల్లో తూచే ఇనుము. అన్నదమ్ముల్లో ఎక్కువ మంది గ్యాసు కటింగ్ మంటల్లో ముక్కలై, కొలిమిలో కరిగి, ఎక్కడో కమ్మీలుగానో రేకులుగానో బతుకుతున్నారు. అతి కొద్దిమంది మాత్రం ఆఫీసుల ముందూ పార్కుల్లోనూ సిమెంటు దిమ్మెల మీద నిలబడ్డారు.

నిలబెట్టినంత మాత్రాన కాపాడినట్టేనా? వైపీ అట్లా అనుకోదు. పొగపెట్టెలో మిగిలిన బూడిదలో గంధకం ఉంటుంది. పొగగొట్టం మూయకపోతే వాన చినుకు లోపలికి జారి ఆ బూడిదతో కలిసి ఆమ్లమై ఇనుమును లోపలినుంచి తింటుంది. బయట నిగనిగలాడే నల్లరంగు, లోపల చేత్తో తడితే రాలిపోయే రేకు. ఇత్తడి, గన్‌మెటల్ అమరికలు రాత్రికి రాత్రి మాయమవుతాయి. చక్రాలు ఏళ్ళ తరబడి కదలకపోతే బేరింగుల్లో నూనె ఎండి పట్టేస్తాయి. పాత ఇంజన్ల బాయిలరు చుట్టూ ఆస్బెస్టాస్ పొర ఉండేది. దాన్ని తెలిసినవాళ్ళే జాగ్రత్తగా తీయాలి, లేకుంటే దాని పొడి చూడవచ్చిన పిల్లల ఊపిరిలోకే పోతుంది. చేయాల్సినవి ఖరీదైన పనులేం కావు. పొగగొట్టానికి మూత, అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు, పైన ఒక రేకుల కప్పు, ఏటా గ్రీజు, అప్పుడప్పుడూ చక్రాలను కాస్త కదిలించడం. సముద్రపు ఉప్పుగాలిలో నిలబడ్డ విశాఖ ఇంజనుతో పోలిస్తే అనంతపురం ఇంజనుకు ఒక అదృష్టం ఉంది. పొలానికి శత్రువైన ఈ పొడిగాలి ఇనుముకు మిత్రుడు. కాస్త శ్రద్ధ పెడితే చాలు, ఇక్కడ ఇంజను ఎక్కువకాలం నిలుస్తుంది.

ఉప్పుగాలిలో నుంచి కూడా బతికొచ్చిన ఇంజన్లున్నాయి. వేల్స్‌లో బారీ అనే రేవు ఊళ్ళో వుడ్‌హామ్ సోదరుల తుక్కు యార్డులో వందల ఇంజన్లు ఏళ్ళ తరబడి తుప్పు పట్టాయి. ఔత్సాహికులు చందాలేసుకుని అక్కడి నుంచి 213 ఇంజన్లను కొనుక్కుపోయారు. వాటిలో చాలావాటికి మళ్ళీ ఆవిరి పట్టించారు. మన దేశంలో ఫెయిరీ క్వీన్ కథ ఇంకా పెద్దది. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో పుట్టి, 1909లో పని మానేసి, ఎనభై ఏళ్ళకు పైగా కదలకుండా ఉన్న ఆ ఇంజనును పెరంబూరు వర్క్‌షాపు పనివాళ్ళు 1997లో మళ్ళీ నడిపించారు. మరుసటేడే గిన్నిస్ పుస్తకానికెక్కింది. తర్వాత దాని భాగాలు దొంగల పాలైతే తిరిగి బాగు చేసిందీ పెరంబూరే. అదే వయసున్న ఈఐఆర్ 21 అనే ఇంజనును కూడా 2010లో వాళ్ళే లేపారు. పెరంబూరు గుంతకల్లు నుంచి మద్రాసు వెళ్ళే లైను మీదిదే కాబట్టి, ఆ పనివాళ్ళ చేతులు పరాయివని వైపీకి అనిపించదు. ఢిల్లీలో 1977లో తెరిచిన జాతీయ రైలు మ్యూజియం, 1979 నాటి మైసూరు మ్యూజియం, ఇంజన్లను ఇప్పటికీ ఆవిరితో నడిపే రేవారి షెడ్డు, ఇవన్నీ ఉన్నాయి. అన్నిచోట్లా అన్ని ఇంజన్లనూ నడపలేరు, నడపనక్కర్లేదు కూడా. నిలబెట్టిన ఇంజను పక్కన అది చేసిన పని కనిపించాలి. ఒక వాటర్ కాలమ్, ఒక బావి తొట్టి, బాయిలరు పక్క కోసి లోపలి గొట్టాలు చూపే ఒక ముక్క, ధాత కరువు నుంచి ఈ పట్టాలెట్లా వచ్చాయో చెప్పే తెలుగు బోర్డు. రంగు వేసి పూలకుండీలు పెట్టే డబ్బుతో వీటిలో సగం చేయొచ్చు.

అన్నిటికంటే తొందరపడాల్సింది మనుషుల విషయంలో. 1980 ప్రాంతంలో ఇరవై ఏళ్ళ వయసులో ఇంజను క్లీనరుగా చేరినవాళ్ళు ఇప్పుడు అరవై దాటారు. అప్పటి డ్రైవర్లలో చాలామంది లేరు. పార ఎట్లా తిప్పితే బొగ్గు నిప్పుగూటి మూలకు పడుతుందో, పొగ రంగు చూసి నిప్పు ఆకలి ఎట్లా పసిగట్టేవారో ఏ డ్రాయింగులోనూ ఉండదు. గుంతకల్లు, గుత్తి, ధర్మవరం రైల్వే కాలనీల్లో పింఛను తీసుకుంటున్న ఆ పెద్దల దగ్గర కూర్చుని, వాళ్ళ మాటల్ని వాళ్ళ సీమ యాసలోనే రికార్డు చేయాలి. మొదటి ప్రశ్న వైపీ సిద్ధంగా పెట్టుకుంది: కదిరి దాటి ములకలచెరువు వైపు ఎక్కుడులో, గేజి గ్లాసులో నీళ్ళు దిగుతుంటే, బాయిలరులోకి నీళ్ళు తోసే ఇంజెక్టరు ముందు తిప్పేవారా, బొగ్గు ముందు వేసేవారా?