ఇంజన్ దింపిన ఆసామి

మిరపకాయ తూకమై, గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేవేళకు మా వైపు రెండు రకాల ఆసాములు తేలతారు. ఒకరు చేతికొచ్చిన డబ్బుతో పిల్ల పెళ్లి చేస్తారు. రెండోవారు అంబాసిడర్ ఇంజన్ దింపుతారు. మొదటివారి ఖర్చుకు ఎక్కడో ఒకచోట అంతం ఉంటుంది.

రెండో రకం ఆసామి చిలకలూరిపేటలో ఉండొచ్చు, అద్దంకిలో ఉండొచ్చు, పర్చూరులోనూ ఉండొచ్చు. పంచె, చేతిసంచి మాత్రం అందరికీ ఒకటే. సంచిలో పత్తి విత్తనాలుంటాయనుకుంటే పొరపాటు. హెడ్డు గాస్కెట్ ఉంటుంది. ఇంట్లో కొడుకు కొనిపెట్టిన కొత్త ఏసీ కారు కూడా ఉంది. ఆటోనగర్ వెళ్లి పాత కారుకు సామాన్లు మోసుకురావడం దాని ఉద్యోగం.

“ఇంకా ఎందుకు బాబాయ్, అమ్మేయరాదూ?” అని నోరు జారామా, ఇక ఆ పూట మనది కాదు.

“ఉత్తరపారాలో ఫ్యాక్టరీ 2014 మే నెలలో ఆపేశారు. అయితే ఏమైంది? 2017లో ఉత్త పేరుని ఫ్రాన్సు వాళ్లు 80 కోట్లిచ్చి కొనుక్కున్నారు. పేరుకే అంతైతే బండికి ఎంతుండాలి?”

మనం లెక్కలో పడి తేరుకునేలోపు రెండోది వదుల్తాడు. “ఇది 1489 సీసీ. ఇంగ్లండులో 1955లో ఎం.జి.ఏ. అని స్పోర్ట్స్ కారు వచ్చింది. దాని ఇంజనూ ఇదే వంశం.” వంశం గొప్పదే. మార్టూరు దగ్గర మిరపకాయ టిక్కీల ట్రాక్టరు దాటిపోయినప్పుడే అది కాస్త మరుగున పడుతుంది.

పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించే ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కు పెరిగితే ఊరంతా గోల పెట్టింది. ఈయన మాత్రం, “పెద్దవాళ్లకి ఆ మాత్రం మర్యాద జరగాలి గదా” అన్నాడు.

ఇంజన్ దించడం ఒక పూట పని. బ్లాకు లేతుకు పోయి బోరు చేయించుకొస్తుంది, క్రాంకు గ్రైండింగుకు పోయొస్తుంది, ఓవర్ సైజు పిస్టన్లు వస్తాయి. అప్పటిదాకా ఆసామి మామూలు మనిషే. బిగింపు రోజున మాత్రం మేస్త్రీ కంటే ముందొచ్చి షెడ్డు ముందు వేపచెట్టు కింద కుర్చీ వేయించుకుంటాడు. పిస్టన్ రింగుల మూతులు ఒకే వరసకు రాకూడదని, వస్తే కంప్రెషన్ కారిపోతుందని పుట్టినప్పటినుంచీ ఇదే పని చేస్తున్న మేస్త్రీకి చెబుతాడు. హెడ్డు నట్లు మధ్యనుంచి అంచులకు, విడతలవారీగా బిగించాలని కూడా చెబుతాడు. అక్కడ నట్టు బిగుసుకుంటుంటే ఇక్కడ ఆసామి పళ్లు బిగుసుకుంటాయి.

అసలు విద్య ట్యాపెట్ల దగ్గర బయటపడుతుంది. వాల్వులు ఎనిమిది. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సర్దాలి, ఏడోది తెరుచుకుంటే రెండోది. ఎటునుంచి కూడినా తొమ్మిదే రావాలి. సందు పదిహేను థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. ఫీలర్ గేజి రేకు లాగితే పట్టీ పట్టనట్టు జారాలి. మేస్త్రీ సర్ది, లాక్‌నట్టు బిగించి పక్కకు జరగ్గానే ఆసామి వంగి రేకు లాగి చూస్తాడు.

“రవ్వంత బిగువుందయ్యా.”

మేస్త్రీ స్క్రూడ్రైవరు ఆనించి, మణికట్టు మాత్రం తిప్పి, స్క్రూను తిప్పకుండా, “ఇప్పుడో?” అంటాడు.

“ఆఁ, ఇప్పుడు కరెక్టుగా ఉంది.”

ఇక డిస్ట్రిబ్యూటర్. “ఒకటో పిస్టన్ పైకొచ్చింది, పెట్టెయ్” అని ఆజ్ఞ. పిస్టన్ పైకి రెండుసార్లు వస్తుంది, ఒకసారి నిప్పు కోసం, ఒకసారి పొగ తోలడానికి. ఇది ఏ రాకో మేస్త్రీకి తెలుసు. అయినా డబ్బులిచ్చే మారాజు చెప్పాడు గదా అని పెట్టేస్తాడు. ప్లగ్గు వైర్లు ఒకటి, మూడు, నాలుగు, రెండు వరసలో తగిలించి సెల్ఫ్ కొడితే కార్బురేటర్ ఢామ్మంటుంది. పక్క షెడ్డు కుర్రాళ్లు పానాలు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. మేస్త్రీ పల్లెత్తు మాటనకుండా వైర్లు ఎదురుబొదురు మార్చి మళ్లీ కొడతాడు. ఇంజన్ అందుకుంటుంది.

“నేనన్నదీ అదే, నువ్వే తిరగేసి విన్నావు” అంటాడు ఆసామి.

మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా తోలాలి. కాబట్టి కోటప్పకొండకు పొద్దున బయల్దేరినవాడు మిట్టమధ్యాహ్నం చేరి, ఎండలో నిలబడి బానెట్ ఎత్తి, కొండ వైపు చూడకుండా ఇంజన్‌కు చెవి ఒగ్గుతాడు.

ప్రయాణాల మీద ఆయనకు నిజానికి అంత మోజు లేదు. పత్తిలో గులాబీ రంగు పురుగు ఎప్పుడు దిగుతుందో తెలియదు. 2021లో నల్లతామర పురుగు మిరప పూతనే తినేసినప్పుడు ఏ మందు కొట్టినా లొంగలేదు. పురుగు తప్పితే వాన, వాన తప్పితే ధర. జీవితమంతా తన చేతిలో లేనిదానికి పెట్టుబడి పెట్టిన మనిషికి, పదిహేను థౌ పెడితే పదిహేను థౌ గానే ఉండే వస్తువు ఇల్లంతటికీ ఇదొక్కటే దొరికింది. బోరు ఖర్చు అందుకు ఇచ్చే కౌలనుకోవాలి.

పిన్నిగారికి ఈ వేదాంతం ఎక్కదు. పాత పిస్టన్లు కొడుకు పెళ్లి ఫొటో పక్కన షోకేసులో ఎందుకున్నాయన్నదే ఆమెకు అర్థం కాదు. మొన్న గట్టిగానే అడిగింది. “దానికి పెట్టినదాంట్లో సగం నాకు పెడితే నా మోకాళ్లు మార్పించుకుందును గదా? మెట్లెక్కితే కిర్రుమంటున్నయ్.”

ఆసామి చప్పున ముందుకు వంగాడు. “ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?”

“రెండింటికీ.”

కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించాడు.

“నీది కంపెనీ ఫిట్టింగే. కదిలించకూడదు.”