సీసాడు నీళ్లతో సర్వే అయిపోతుందా?

మా రోజుల్లో సర్వే అంటే కుంట గట్టున కూర్చోవడం, నాయనా. ఇప్పుడు మీరొచ్చి సీసాడు నీళ్లు వడగట్టి ల్యాబుకి పంపిస్తారు. నీళ్లలో రాలిన డీఎన్ఏని బట్టి ఇక్కడ సాలమాండర్ ఉందని తేలుస్తారు. మీరు మాత్రం భోజనం వేళకే డార్జిలింగ్‌లో ఉంటారు. ఉందని తెలిసింది, సరే. గుడ్లు పెట్టిందా? ఎక్కడ పెట్టింది?

సుఖియాపోఖ్రి దగ్గర, దాదాపు 7,400 అడుగుల ఎత్తున, జోర్‌పోఖ్రి అని జంట కొలనులున్నాయి. 1985లో అభయారణ్యం చేసింది ఈ సాలమాండర్ కోసమే. వానలు పట్టాక ఆ వైపు కుంటల్లో రాత్రిళ్లు చూడాలి. కప్పలకైతే నోరుంది, అరుపు వినే ఏ జాతో చెప్పేవాళ్లం. ఇప్పుడు దానికీ రికార్డరేనట. సాలమాండర్ అలా పిలవదు, కంటితోనే వెతకాలి. మంచు కమ్మి టార్చి వెలుగు ముందుకు పోదు, జలగలు మేజోళ్లలో దూరతాయి. అయినా కదలకుండా ఉంటే గాలి మింగడానికి అదే పైకొస్తుంది. ముదురు గోధుమరంగు ఒళ్లు, పక్కల వెంట బుడిపెల వరస. అప్పుడు పెన్సిలు తీసేవాళ్లం. సిరా అయితే వానకు కారిపోతుంది. నీళ్ల చల్లదనం, గుడ్లు అంటుకున్న మొక్క, పైన గడ్డి కోసుకునే ముసలాయన పోయినేడు ఏ నెలలో చూశానన్నాడో, అంతా రాసేవాళ్లం. మీ ఫారంలో ఆ ముసలాయనకి గడే లేదు.

మీ పద్ధతిలో జంతువుకి చెయ్యి తగలదు, అది మంచిదే. బూట్లు మందునీళ్లతో కడిగి మరో కుంటలో దిగడమూ మంచిదే. కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ బూజుకి 1999లో గాని పేరు పెట్టలేదు, మాకు ఆ భయమే తెలియదు. కలకత్తా మ్యూజియం జాన్ ఆండర్సన్ 1871లో వర్ణించిన యునాన్ జాతే మన సాలమాండర్ అని మేం రాసుకుంటే, 2015లో తూర్పు నేపాల్‌ది వేరే జాతి అన్నారు, డార్జిలింగ్‌దాన్నీ అందులో చేర్చారు. చేర్చుకోండి.

నా కడుపుమంటంతా గట్ల గురించే. సాలమాండర్ ఏడాదంతా నీళ్లలో ఉండే జీవి కాదు. చలికాలం దుంగల కింద, రాళ్ల కింద గడిపి, వానలకి నీళ్లలో దిగుతుంది. మట్టిగట్టయితే ఎక్కడం దిగడం దానికో లెక్క కాదు. ఇప్పుడు అందం కోసమని నిట్టనిలువు సిమెంటు గోడలు కడుతున్నారు, లోపల చేపలు వదులుతున్నారు. ఆ చేపలు గుడ్లనీ పిల్లలనీ మిగలనివ్వవు. మీ సీసాలో డీఎన్ఏ ఈ ఏడాదికి దొరుకుతుంది, గోడ సంగతి మాత్రం సీసా చెప్పదు.

వచ్చే వానలకి సీసా తీసుకెళ్లు, కాదనను. నీళ్లు పట్టాక గట్టు చుట్టూ నడిచి, ఎక్కడెక్కడ సిమెంటు వేశారో బొమ్మ గీసుకో. పైనున్న దుంగలు ఎత్తి చూడు, చూశాక ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టు. గడ్డి కోసేవాళ్లని పలకరించు. చీకటి పడ్డాక కూడా అక్కడే ఉండు. జీపు డ్రైవరు తిడితే తిట్టనీ.