రోహిణి కార్తెలో కోడిని కాల్చే విధానం

రోళ్లు పగిలే ఎండలో, అత్తిలిలో డాబా ఎక్కి, నిలువు కోడిని నిప్పుల మీద కాల్చి బంధువులకి పెడదామనుకునేవాళ్లకి నా సలహాలు ఇవి. అమెరికా నుంచి బావగారు సెలవలకి వచ్చినప్పుడు స్వయంగా చేశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ముందు కోడి సంగతి. ఫారం కోడి జోలికి పోకండి. లేతది, ఎవరు కాల్చినా కాలుతుంది, అందులో మన ఘనతేముంది? సంక్రాంతి పందెంలో ఓడిన కోస ఫ్రీజర్లో మిగిలిందేమో చూడండి. బాదం పప్పులు తిని పెరిగిన ఒళ్లు, మసాలా ఖర్చు కలిసొస్తుంది. చెరువులో ఈత కొట్టించి గట్టిపరిచిన కండ నిప్పుకి లొంగదనీ, పులుసులో సన్నసెగన మగ్గాలనీ మా అత్తయ్యగారు అన్నారు. ఆవిడకి బార్బెక్యూ తెలీదు.

వెన్నెముక కోసేసి అప్పడంలా పరుద్దాం, అంతా ఒక్కసారే ఉడుకుతుందని బావగారు అంటారు. వద్దనండి. కోడి కాళ్లు పైకెత్తుకుని దర్జాగా ఉండాలి. గాట్లు కూడా పెట్టకండి. పెరుగు, నిమ్మరసం, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద తోలు మీదే నిలబడితే ఫొటోలో ఎర్రగా పడుతుంది. నానడానికి ఫ్రిజ్ ఎందుకు, కరెంటు దండగ. ఎండలో పిట్టగోడ మీద రెండు గంటలు పెట్టి, కాకుల కాపలాకి పిల్లల్ని కూర్చోబెట్టండి.

జల్లెడకి పాత సైకిలు క్యారేజీ చాలు. రంగు గీకక్కర్లేదు.

సరుగుడు బొగ్గుల మీద కిరసనాయిలు ధారగా పోయండి. బొగ్గుకి తెల్లటి బూడిద పట్టేదాకా ఆగాలట, నిప్పుల్ని ఓ పక్కకి తోసి కోడిని రెండో పక్కన పెట్టాలట, మూత వేసి గంటన్నర ఓపిక పట్టాలట. చీకుల బండి అతను ఎప్పుడైనా మూత వేశాడా? అతని ముక్క బొటనవేలంతే ఉంటుందన్నది వేరే సంగతి. కొవ్వు కారి మంట లేస్తే విసనకర్రతో ఇంకా విసరండి. పక్క డాబా మీద పిన్నిగారి వడియాలు ఎండుతుంటే మరీ మంచిది, వాటికీ కాస్త పొగ తగులుతుంది.

తొడ కీలు దగ్గర 74 డిగ్రీలు రావాలని బావగారు సూది లాంటి థర్మామీటరు తీశారు. లెక్క తేలికే. ఎండే 42 ఇస్తోంది, బొగ్గులు వేయాల్సింది మిగతా 32.

పావుగంటకి కోడికీ బొగ్గుకీ తేడా లేకుండా పోయింది. బావగారు తొడ పట్టుకుని మెలిపెట్టారు. రాలేదు. రెండు చేతులా లాగితే తోలు పెంకులా ఊడి, కీలు దగ్గర గులాబీ రంగు నీళ్లు అరిటాకు మీదకి కారాయి. లోపల వేలు పెడితే ఇంకా సంక్రాంతి చలి.

అత్తయ్యగారు పల్లెత్తు మాట అనలేదు. మాడిన తోలు ఒలిచేసి, కత్తిపీట ముందేసుకుని ముక్కలు కొట్టి, చింతపండు పిసికి పొయ్యెక్కించారు. రాత్రి తొమ్మిదింటికి అందరూ రెండోసారి వడ్డించుకున్నారు.

ఆ పులుసులో పొగ వాసన మాత్రం నాదే.