బండి నడవదు, కాగితం నడవాలి

కొత్త బండికి జబ్బు చేస్తే కొన్నవాడికి మొదట దొరికే మందు, 'నడుపుతుంటే సెట్ అయిపోతుంది సార్'. రెండోసారి వెళితే 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం' అంటారు. మూడోసారికి షోరూమ్ వారు కంపెనీని, కంపెనీ వారు షోరూమ్‌ని చూపిస్తారు. లక్షా ఇరవై వేల స్కూటరు ఫ్లైఓవర్ మధ్యలో మొరాయించిన ప్రతిసారీ దాన్ని తోసేది మాత్రం కొన్నవాడే.

అప్పుడు లాయరు గుర్తొస్తాడు. వెంటనే ఫీజు కూడా గుర్తొచ్చి, మనిషి చల్లబడతాడు. అమ్మినవారి ధీమా అంతా ఆ చల్లబడటం మీదే. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం చూస్తే అంత భయం అక్కర్లేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఎవరి కేసు వారే వాదించుకోవచ్చు. బండికి కట్టిన ధర 5 లక్షలు దాటకపోతే ఫిర్యాదుకు పైసా ఫీజు లేదు; 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1000 రూపాయలు. ఫ్యాన్సీ నంబరుకు వేలు పోసినవారికి ఇదేమంత బరువు కాదు. హైదరాబాద్‌లో కొన్న బండి మీద కాకినాడలో ఉండేవారు కాకినాడలోనే కేసు వేయవచ్చు. బతుకుతెరువుకు ఆటో కొని సొంతంగా నడుపుకునేవాడూ చట్టం దృష్టిలో వినియోగదారుడే.

లాయరు ఉంటేనే ధైర్యం అనుకునేవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఫోన్ నంబరు 15100. ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, ఆదాయ పరిమితి లోపు ఉన్నవారికి అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. మహిళలకైతే ఆదాయం ఎంతన్నది అడగరు. బండి ఇల్లాలి పేరిట కొనడం సెంటిమెంటు కోసమే అనుకునే మగవారు ఈ సంగతి గమనించాలి.

చవకగా దొరకనిది సాక్ష్యం. 'గుంతలో పడితే మోటారు ఆగిపోతోంది' అని యజమాని చెమటలు తుడుచుకుంటూ చెబుతాడు. సర్వీస్ సెంటర్ కుర్రాడు తల ఊపి, జాబ్ కార్డు మీద 'జనరల్ చెకప్' అని రాస్తాడు. ఎనిమిదిసార్లు అలా రాస్తే, కమిషన్ ముందు ఆ బండి ఎనిమిదిసార్లు ఆరోగ్య పరీక్షకు వెళ్లొచ్చిన దిట్టమైన బండి. తయారీలోనే లోపం ఉందని తేల్చాలంటే సాధారణంగా నిపుణుడి నివేదిక కావాలి. పరీక్షకు పంపమని కమిషన్‌నే కోరవచ్చు. అవతలివారు జవాబివ్వడానికి 30 రోజులు, బతిమాలుకుంటే మరో 15. నోటీసు అందాక మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో కేసు తేల్చాలని చట్టం అంటుంది. ఆ నెలలు ఏ పంచాంగం ప్రకారమో మాత్రం చెప్పలేదు. ఫిర్యాదుదారుడి గడువు దగ్గర ఆ మొహమాటం లేదు: వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లు. దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపాలి.

గెలిచినా అవతలివారు రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు వెళ్లవచ్చు. అయితే చెల్లించమన్న సొమ్ములో సగం ముందు డిపాజిట్ చేసి వెళ్లాలి. అసలు కేసు వేయడానికి ముందే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకుంటే, కొన్ని కంపెనీలకు అక్కడే చెవులు వినపడటం మొదలవుతుంది.

ఈసారి బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు, చెప్పిన జబ్బు చెప్పినట్టు జాబ్ కార్డులో రాయించి, దాని కాపీ చేతికి వచ్చాకే గేటు దాటండి.